ముందు కాళ్ళ మీద పొయ్యండి: ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నల కాపురం

మా ఆవిడకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. మా వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆటిజం అని తెలిసి ఆరేళ్ళు. పాపను మా అత్తగారు ఊరికి తీసుకెళ్ళారు. వాడు కొత్తచోట నిద్రపోడు కాబట్టి నా దగ్గరే ఉన్నాడు. మొదటి రోజు పొద్దున్నే స్నానానికి తీసుకెళ్ళి, అందరు పిల్లలకూ పోసినట్టే చెంబుతో నెత్తిన నీళ్ళు పోశాను. వాడు పెట్టిన కేకకు పై ఫ్లోర్ వాళ్ళు దిగొచ్చారు. బకెట్ తన్నేశాడు, తలుపుకు అడ్డంపడ్డాడు, తన చెయ్యి తనే కొరుక్కున్నాడు. అరగంట తర్వాత ఇద్దరం తడిబట్టలతోనే హాల్లో నేల మీద కూర్చుని ఉండగా ఆస్పత్రికి ఫోన్ చేశాను.

ఆవిడ గొంతు ఇంకా మత్తుగానే ఉంది. "ముందు కాళ్ళ మీద పొయ్యండి," అంది. "తర్వాత చేతులు. తర్వాత వీపు. తల ఆఖర్న. తల మీద పోసే ముందు ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టండి. మూడు అన్నాకే పొయ్యండి. ప్లాస్టిక్ మగ్గు వద్దు, స్టీలు చెంబు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యకండి, ఆ చప్పుడు వాడికి పడదు. తువ్వాలుతో రుద్దకండి, అద్దండి."

ఇందులో ఒక్కటీ నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే పిల్లవాడితో అన్నేళ్ళు ఉండి కూడా తెలియదు. ఆవిడకు మాత్రం ఎవరు చెప్పారు? ఒక్కో సంగతి వెనకా నేను ఆఫీసుకు వెళ్ళిపోయాక జరిగిన అలాంటి పొద్దు ఒకటి ఉండే ఉంటుంది. అప్పటిదాకా మా ఇద్దరి గొడవలకూ వాడి పరిస్థితే కారణం అనుకునేవాణ్ణి. ఇప్పుడు వాడికి పదహారేళ్ళు. ఈ ఏడేళ్ళలో మా ఇంటినీ, థెరపీ సెంటర్ల వరండాల్లో పరిచయమైన ఇళ్ళనూ చూశాక నాకు అర్థమైంది ఒకటే. పిల్లల గురించి అమ్మకు తెలిసినదానికీ నాన్నకు తెలిసినదానికీ మధ్య రోజుకింత చొప్పున దూరం పెరుగుతుంది. కాపురాన్ని తినేసేది ఆ దూరమే.

"ఇలాంటి పిల్లలున్నవాళ్ళలో నూటికి ఎనభై జంటలు విడిపోతాయి" అన్న మాట చాలామంది వినే ఉంటారు. ఆటిజం అని రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే మాకూ ఎవరో చెప్పారు. ఆ అంకెకు ఆధారం లేదు. అమెరికాలో దీన్ని లెక్కకట్టి చూశారు. 2010లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో 23.5 శాతం, మిగతావాళ్ళలో 13.8 శాతం విడాకులు తీసుకున్నట్టు తేలింది. బాల్టిమోర్‌లోని కెనెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దాదాపు 78,000 మంది పిల్లల వివరాలు చూస్తే అసలు తేడానే కనబడలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో 64 శాతం, లేని పిల్లల్లో 65 శాతం మంది అమ్మానాన్నలిద్దరి దగ్గరే ఉన్నారు. ఈ రెండిటిలో ఏది తీసుకున్నా ఎనభై దరిదాపుల్లో లేదు. కొత్తగా రిపోర్టు అందుకున్న జంటకు ఆ ఎనభై అంకె చెప్పడం వాళ్ళ నెత్తిన ఇంకో బండ పెట్టడమే.

విస్కాన్సిన్ అధ్యయనంలో నాకు అంతకంటే ముఖ్యమనిపించిన విషయం ఇంకోటి ఉంది. మామూలు ఇళ్ళలో పిల్లలకు ఎనిమిదేళ్ళు దాటాక విడిపోయే అవకాశం తగ్గుతూ వస్తుంది. ఆటిజం ఉన్న ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా తగ్గదు. ఎందుకో ఇంట్లో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మిగతా ఇళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్లలు తమ స్నానం తాము చేస్తారు, అన్నం కలుపుకుంటారు, పక్కింటికి ఆడుకోవడానికి వెళ్తారు. అమ్మానాన్నలకు ఒకరి మొహం ఒకరు చూసుకునే వ్యవధి మళ్ళీ దొరుకుతుంది. మాలాంటి ఇళ్ళలో అది రాదు. అందుకని మొదటి రెండేళ్ళు పళ్ళబిగువున గడిపేస్తే చాలన్నట్టు బతికితే కుదరదు. మధ్యలో ఎక్కడో ఊపిరి తీసుకునే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ఇక మన దగ్గర విడాకుల లెక్క చూస్తే తెలిసేది తక్కువ. మన ఇళ్ళలో విడిపోకుండానే విడిపోతారు. థెరపీ కోసం తల్లి పిల్లవాణ్ణి తీసుకుని హైదరాబాద్‌లో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుంటుంది. తండ్రి ఒంగోలులోనో ఖమ్మంలోనో ఉద్యోగం చేస్తూ డబ్బు పంపిస్తాడు. గల్ఫ్‌లో ఉంటే ఏడాదికో రెండేళ్ళకో వస్తాడు. రాత్రి ఫోన్‌లో "సెషన్ అయిందా? తిన్నాడా?" అనే రెండు ప్రశ్నలకు మించి మాట ఉండదు. వాళ్ళు ఏ లెక్కలోకీ రారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్ళు కొద్ది అని కూడా అనుకోవద్దు. 2018లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో హర్యానాలోని పల్వల్, హిమాచల్‌లోని కాంగ్రా, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాద్‌లలో రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని పరీక్షించారు. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, మాట సమస్యలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పడం), ఆటిజం, బుద్ధిమాంద్యం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవకపోవడం), చదువులో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు అన్నీ కలిపితే దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒకటి ఉంది. కొందరికి ఒకటి కాదు, రెండు మూడు కలిసి ఉంటాయి. 2013 దాకా ఇలాంటి సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ మాన్యువల్ ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే బిడ్డకు రాయడానికి ఒప్పుకునేది కాదు. ఇప్పుడు రాస్తున్నారు. రిపోర్టులో కొత్త పేరు చేరిందని "ముందు డాక్టర్ తప్పు చెప్పాడు" అని ఇంట్లో గొడవపడే దంపతులకు ఈ సంగతి తెలిస్తే సగం వేడి చల్లారుతుంది.

దూరం మొదలయ్యేది రిపోర్టు రాకముందే. పిలిస్తే పలకడం లేదని, వేలు పెట్టి చూపించడం లేదని, నేర్చుకున్న నాలుగు మాటలూ పోయాయని ముందు గమనించేది పొద్దస్తమానం బిడ్డతో ఉండేవాళ్ళు. మన ఇళ్ళలో ఎక్కువగా తల్లి. ఆమె నెలల తరబడి రాత్రిపూట అందరూ పడుకున్నాక ఫోన్‌లో వెతుక్కుంటుంది, తనలో తనే ఏడుస్తుంది. భర్తతో అంటే "మా చిన్నాన్నకు నాలుగేళ్ళకు గానీ మాట రాలేదు, నువ్వు ఊరికే టెన్షన్ పడతావు" అంటాడు. నేనూ అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆవిడకు మాత్రం 'నీ కళ్ళతో చూసింది నిజం కాదు' అని వినబడింది. చివరికి డాక్టర్ నోట ఆ మాట వచ్చిన రోజుకు ఆవిడ ఏడుపు అయిపోయి ఏం చెయ్యాలో రాసుకోవడం మొదలుపెట్టింది. నా ఏడుపు ఆ రోజే మొదలైంది. ఆవిడ థెరపీ టైమింగ్స్ అడుగుతుంటే, ఎంత తొందరగా పేరు అంటించేస్తోందో అని నాకు కోపం. నేను మూడో డాక్టర్‌ని వెతుకుతుంటే, ఇంకా ఒప్పుకోలేదే అని ఆవిడకు కోపం. ఇద్దరిదీ ఒకే బాధ, ఏడాది తేడాతో వచ్చింది. ఈ తేడా ఉంటుందని ఆ రోజు డాక్టర్ పక్కన కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పి ఉంటే మాకు ఒక ఏడాది మిగిలేది.

తర్వాత వచ్చే ప్రశ్న "ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఇది భార్యాభర్తల నోట్లోంచి రావడం తక్కువ. పెళ్ళిళ్ళలో, ఫోన్లలో చుట్టాల నోట వస్తుంది. కానీ వచ్చి కాపురంలోనే తిష్ఠ వేస్తుంది. "గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగానికి వెళ్ళింది", "ఫోన్ ఇచ్చి అలవాటు చేసింది", "వస పోయలేదు". మా అమ్మ వస కొమ్ము అరగదీసి తెచ్చి వాడి నాలుకకు రాసింది కూడా. వింతేమిటంటే ఇలా తల్లి మీద నెట్టడం మన పల్లెటూరి మూఢనమ్మకం మాత్రమే కాదు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి రాసినప్పుడు ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. తర్వాత బ్రూనో బెటిల్‌హైమ్ దాన్ని పట్టుకుని తల్లి ప్రేమ చూపకపోతే బిడ్డ ఇలా అవుతుందని ఊరూరా ప్రచారం చేశాడు. వాళ్ళకు 'రిఫ్రిజిరేటర్ మదర్స్' అని పేరు కూడా పడింది. ఒక తరం తల్లులు ఆ నింద మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు ఇది మెదడు నిర్మాణానికి సంబంధించిన విషయమని వాదించాడు. ఆయన కొడుక్కి కూడా ఆటిజం ఉంది. 1977లో కవల పిల్లల మీద చేసిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపించింది. తల్లిదే తప్పన్న ఆ సిద్ధాంతం చచ్చి అర్ధశతాబ్దం అయింది. మన ఇళ్ళలో మాత్రం ఫోన్ పేరుతో, ఉద్యోగం పేరుతో బతికే ఉంది. గంటల తరబడి ఫోన్ చూడటం చిన్నపిల్లల మాటకు మంచిది కాదు, నిజమే. దానివల్ల ఆటిజం పుట్టదు.

మేనరికం పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళ బాధ ఇంకో రకం. రక్తసంబంధంలో పెళ్ళి వల్ల కొన్ని జన్యు సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది. పుట్టు చెవుడు, కొన్ని మెటబాలిక్ జబ్బులు, కొన్ని రకాల బుద్ధిమాంద్యం అలా రావచ్చు. అందువల్ల మేనరికం చేసుకోవద్దని చెప్పడం సబబే. అయితే అది ఎలా పనిచేస్తుందో చూడండి. ఆ లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బిడ్డకు సమస్య. ఒక్కటే ఉంటే ఏమీ కాదు, అందుకే తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటారు. అంటే సరిగ్గా చెరిసగం. 'మీ వైపు' అనడానికి అక్కడ చోటే లేదు. పైగా మేనరికంలో ఆ 'మీ వైపు' కూడా మన అమ్మమ్మ ఇల్లే. మన దగ్గర జెనెటిక్ కౌన్సెలింగ్‌కు తల్లినీ బిడ్డనూ పంపించి తండ్రి పార్కింగ్‌లో ఉండిపోతాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినాల్సిన మాట అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. థెరపీకి ఎవరు తీసుకెళ్తే వాళ్ళకే థెరపిస్టు చెబుతుంది, ఇంట్లో ఏం చెయ్యాలో. మరుసటి వారం దాన్ని చేసి చూసినవాళ్ళకే అది వాడికి పడిందో లేదో తెలుస్తుంది. అలా స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), స్కూలు టీచర్, తినే తిండి, భయపడే చప్పుళ్ళు అన్నీ ఒకే మనిషి తలలోకి చేరతాయి. రెండో మనిషి ఎప్పుడో ఆదివారం చెయ్యి వేస్తే తప్పు జరుగుతుంది. వెంటనే "అలా కాదండీ" అని ఆ మొదటి మనిషి లాక్కుంటుంది. పిల్లవాడు కూడా ఆమెనే అడుగుతాడు. నాలుగుసార్లు అలా అయ్యాక రెండో మనిషి "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అంటాడు. పైకి ఎంతో సహకారంగా కనబడే ఈ మాట ఎంత బరువైనదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చెప్పాలంటే ఆవిడే గుర్తుపెట్టుకోవాలి, ఆవిడే కనిపెట్టాలి, ఆవిడే పురమాయించాలి, తర్వాత చూసి సరిదిద్దాలి. దానికంటే తనే చేసేసుకోవడం సుళువు. అలా ఆవిడ ఒంటరిగా అన్నీ చేస్తుంది, భర్త ఏదీ పట్టించుకోడని అలుగుతుంది. ఆయన డబ్బు తెచ్చే పని ఒక్కటే మిగిలిందని, ఇంట్లో తన మాటకు విలువ లేదని ఆఫీసులో ఇంకో గంట కూర్చుంటాడు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఇద్దరి కష్టమూ నిజమే.

ఆ ఒంటరి మోత ఒంట్లోకి కూడా దిగుతుంది. విస్కాన్సిన్ పరిశోధకులే ఆటిజం ఉన్న టీనేజీ, పెద్ద పిల్లల తల్లుల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచారు. అది మామూలు తల్లులకంటే తక్కువగా ఉంది. ఏళ్ళ తరబడి ఒత్తిడిలో ఉన్న శరీరం ఇక స్పందించలేక అలా తగ్గిపోతుంది. యుద్ధానికి వెళ్ళొచ్చిన సైనికుల్లో కూడా ఇలాగే కనబడుతుందని వాళ్ళు పోల్చారు. మన ఆడవాళ్ళు దీన్ని "ఒళ్ళు మొద్దుబారిపోయింది" అంటారు. ఆ మాట విన్నప్పుడు భర్తలు తీసిపారేయొద్దు.

రాత్రుళ్ళ సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా సరిగ్గా నిద్రపోరు. రెండింటికి లేచి నాలుగు దాకా మంచం మీద ఎగురుతారు. అమ్మానాన్నల మధ్య పడుకోవడం అలవాటైతే పన్నెండేళ్ళ దాకా అలాగే సాగే ఇళ్ళున్నాయి. కొన్నాళ్ళకు ఒకరు హాల్లో, ఒకరు బిడ్డతో. దాంపత్యం అన్న మాటే ఇంట్లోంచి పోతుంది, అడగడానికి కూడా మొహమాటం వస్తుంది. దీనికి పెద్ద మందేమీ లేదు. పిల్లవాడి నిద్ర సమస్యను డాక్టర్‌కి విడిగా చెప్పాలి, థెరపీతో సమానంగా పట్టించుకోవాలి. నిద్రలేమి ఉన్న ఇద్దరు మనుషులు ఏ విషయం మీదైనా గొడవపడతారు. మేము ఒక నియమం పెట్టుకున్నాం: రాత్రి తొమ్మిది తర్వాత వాడి గురించి ఏ నిర్ణయమూ తీసుకోము. ఆ ఒక్క నియమం ఎన్ని గొడవల్ని తప్పించిందో లెక్కలేదు.

రెండో బిడ్డ మాట కూడా ఈ రాత్రుల్లోనే వస్తుంది. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం ఐదుగురిలో దాదాపు ఒకరికి అని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ అంకెను ఒకరు "నలుగురికి రాదు కదా" అని చదువుతారు, ఇంకొకరు "ఒకరికి వస్తుంది కదా" అని చదువుతారు. మేము రెండేళ్ళు తేల్చుకోలేకపోయాం. మా పాపకు లేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు ధైర్యంగా చెప్పడం రాదు. అయితే తోబుట్టువును 'వాడికి తోడు' అనే ఒక్క కారణంతో కనొద్దని మాత్రం అడిగినవాళ్ళకు చెబుతాను. ఆ పిల్ల తన బతుకు తను బతకడానికి పుట్టాలి.

డబ్బు దగ్గర గొడవ చాలాసార్లు ఆశకూ అనుమానానికీ మధ్య జరుగుతుంది. ఒకరు ఎక్కడో చదివిన కొత్త వైద్యం చేయిద్దామంటారు, ఇంకొకరు వద్దంటారు. వద్దన్నవాళ్ళు బిడ్డ బాగుపడటం ఇష్టంలేనివాళ్ళలా కనబడతారు. స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు వసూలు చేసేవాళ్ళున్నారు. ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చెయ్యలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ ఒక్క విషయం ఇద్దరికీ ముందే తెలిసి ఉంటే పొలం అమ్మకుండా ఆగేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. థెరపిస్టు దగ్గరకు వెళ్ళేముందు స్పెషల్ ఎడ్యుకేటర్‌కి, స్పీచ్ థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని సిగ్గుపడొద్దు.

మగవాళ్ళు బయటకు చెప్పని మాట ఒకటి నేను చెబుతాను. వాడి గురించి డాక్టర్ అడిగిన ప్రశ్నల కాగితం నింపుతుంటే చాలాచోట్ల నేనే కనిపించాను. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బల్లకింద దూరడం, చొక్కా వెనక లేబుల్ కత్తిరించమని ఏడవడం, ఒకే కూరతో నెలలు గడపడం. ఆటిజానికీ, ఏడీహెచ్‌డీకీ వంశపారంపర్యం గట్టిది కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ ఛాయలు ఉండటం అరుదేమీ కాదు. "ఎన్నిసార్లు చెప్పినా ఈయనకు పట్టదు" అని మా ఆవిడ పదేళ్ళు అనుకున్నదాని వెనక మనసు లేకపోవడం కాక ఇంకో కారణం ఉండొచ్చని ఇద్దరికీ ఆ కాగితం దగ్గరే తట్టింది. అది సాకు కాదు. కానీ ఆ తర్వాత ఆవిడ నాతో ఒకేసారి నాలుగు పనులు చెప్పడం మానేసింది, నేను ఫ్రిజ్ తలుపు మీద రాసుకోవడం మొదలుపెట్టాను.

మరి దూరం తగ్గేదెలా? "సాయం చెయ్యండి" అని భర్తలకు చెప్పడం వల్ల తగ్గదు. ఏదో ఒక ముక్కను మొత్తంగా అప్పగించాలి. ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో స్నానం నాది అయింది. బట్టలు తియ్యడం నుంచి బాత్‌రూమ్ ఆరబెట్టడం దాకా. నెలకోసారి జుట్టు కత్తిరించే పని కూడా నాదే. మొదటి రెండు నెలలూ ఆవిడ తలుపు బయట నిలబడి "మూడు లెక్కపెట్టారా?" అని అరిచేది. తర్వాత ఆ టైమ్‌కి కావాలనే కూరగాయలకు వెళ్ళిపోయేది, అది ఆవిడకు నాకంటే కష్టమైన పని. నేను తప్పులు చేశాను. వాడు ఏడ్చాడు. కానీ ఆ తప్పుల్లోంచే నాకంటూ కొన్ని తెలిశాయి. లెక్క మూడుకు బదులు పాటలా సాగదీసి పదికి పెడితే వాడు నవ్వుతాడని నేను కనుక్కున్నాను. అది ఆవిడకు తెలియదు. మొదటిసారి ఆవిడకు నేను చెప్పాను. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నంతసేపు అంతకుముందు ఎప్పుడు మాట్లాడుకున్నామో గుర్తులేదు.

వారానికి ఒక థెరపీ సెషన్‌కైనా నాన్న ఒక్కడే తీసుకెళ్ళాలి. థెరపిస్టు చెప్పింది ఆయన చెవినే పడాలి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, తల్లిదండ్రులకు కూడా శిక్షణ ఇస్తుంది. జిల్లాల్లో ఐతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన, ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే గుర్తించి సాయపడే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లున్నాయి. ఇద్దరూ వెళ్ళండి. మగపిల్లాడు టీనేజీలోకి వచ్చేసరికి ఇది తప్పనిసరి కూడా అవుతుంది. వాడు అమ్మకంటే పొడుగవుతాడు, బలం వస్తుంది, మీసం వస్తుంది, తలుపు వేసుకోవడం నేర్పాలి. ఆ రోజు వచ్చాక నాన్న కొత్తగా పరిచయం చేసుకుంటానంటే పిల్లవాడు ఒప్పుకోడు.

కాగితాల పని నాన్నలకు మంచి మొదలు. మొత్తం తీసుకోండి. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ కోసం తిరగడం, వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉంటే వచ్చే పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000, తెలంగాణలో 4,016. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ళకు నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు 75,000, వైకల్యం 80 శాతమో అంతకు మించో ఉంటే 1,25,000 మినహాయింపు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతమో అంతకు మించో ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఇలాంటి బిడ్డను చూసుకుంటున్నట్టయితే మామూలు బదిలీల నుంచి మినహాయింపు అడగొచ్చు. ఈ చివరిది తెలియక ఏళ్ళపాటు వేర్వేరు ఊళ్ళలో బతికిన జంట నాకు తెలుసు.

పెద్దవాళ్ళ గురించి ఒక్క మాట. అత్తగారి మాటలు కోడలికి గుచ్చుకున్నప్పుడు జవాబు చెప్పాల్సింది కొడుకే. నేను చాలా ఏళ్ళు చెప్పలేదు, "అమ్మ పాతకాలం మనిషి, పట్టించుకోకు" అని దాటేశాను. చివరికి ఒకరోజు మా అమ్మను వాడి సెషన్‌లో కూర్చోబెట్టాను. వస కొమ్ము గురించి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు వాడికి రోజూ సాయంత్రం బటానీలు ఒలవడం నేర్పుతోంది.

వాడికి ఇంకో రెండేళ్ళలో పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు చట్టం ప్రకారం వాడు పెద్దవాడు, మేము వాడి సంరక్షకులం కాము. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే మళ్ళీ మమ్మల్ని నియమిస్తుంది. దానికి కావలసినవన్నీ ఒక ఫైల్లో పెట్టాను. దానితోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా మొదలుపెట్టాం. మేము లేకపోతే వాడి రోజు ఎలా నడవాలో అందులో రాస్తున్నాం. మొదటి పేజీ స్నానం, ఆవిడ చేతిరాత. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత వీపు. దాని కింద నా చేతిరాత: ఇప్పుడు నీళ్ళు తనే పోసుకుంటాడు, పది దాకా లెక్క మాత్రం పక్కన ఎవరో ఒకరు పైకి పెట్టాలి.

ఆ 'ఎవరో ఒకరు' దగ్గర మొన్న ఆగిపోయాం. ఆవిడ పెన్ను తీసుకుని కొట్టెయ్యబోయింది. అక్కడ పేరు రాయాలంది. లోపలి గదిలో మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. ఇద్దరం అటు చూడలేదు. గోడ గడియారంలో తొమ్మిది దాటింది. రేపు పొద్దున మాట్లాడదామని పుస్తకం మూసేశాం.